బోల్టు లేని గది

వియ్యాలవారి కారు వీధి మలుపు తిరిగేదాకా అందరూ గుమ్మంలో నిలబడి చేతులూపారు, ఒక్క పాపాయి తప్ప. పాపాయి ఇంకా భోజనాల బల్ల దగ్గరే కూర్చుని, ప్లేటులో మిగిలింది ఒక పక్కనుంచి వరసగా తింటూ వస్తోంది.

కారు కనుమరుగైంది. ఊపుతున్న చేతులు దిగాయి. కొడుకు తలుపు ధడాలున వేశాడు.

"అడక్కపోతే ఏం పోయిందమ్మా?" అన్నాడు. "ఒక్క పూట. వాళ్లున్నంతసేపు అడక్కుండా ఉంటే కొంపలు మునిగేవా?"

"అలవాటులో నోటికొచ్చేసిందిరా," అంది తల్లి.

అలవాటే మరి. డాక్టరు ఆటిజం అని చెప్పిన పిల్లని బడికి పంపిన మొదటి రోజునుంచీ ఆ ఇంట్లో అదొక కట్టుబాటు. భోజనానికి కూర్చోగానే తల్లి అడుగుతుంది, "ఇవాళ నిన్నెవరైనా ముట్టుకున్నారా?" అని. పాపాయి "లేదు" అంటుంది. అప్పుడు గానీ ముద్ద ఎత్తదు. బడి అయింది, చదువయింది, ఆస్పత్రుల బట్టలుతికే పెద్ద లాండ్రీలో ఉద్యోగమూ వచ్చింది. పాపాయికి ముప్ఫై రెండేళ్లు నిండాయి. పాపాయి అన్న పిలుపూ మారలేదు, ఆ ప్రశ్నా మారలేదు. ఉప్పు అందుకోమన్నట్టు ఆవిడ అడగడం, అందిస్తున్నట్టు ఈవిడ లేదనడం. కోడలు కాపురానికొచ్చిన కొత్తలో వింతగా చూసింది గానీ ఇప్పుడామె చెవికి కూడా ఎక్కదు.

అలాంటిది, కోడలి అమ్మానాన్నలు ఎదురుగా కూర్చుని ఉండగా, పాపాయి "ముట్టుకున్నారు" అంది.

అందరి చేతులూ ఆగిపోయాయి.

"వ్యాను ముట్టుకున్నాడు. నిన్న, దుప్పట్ల గదిలో. రాత్రి నేను తినకుండానే నిద్రపోయాను, నువ్వడగలేదు. నేనే ముట్టుకోమన్నాను. పట్టుకోవడం బాగుంది. ముద్దు అంత బాగాలేదు, తడిగా ఉంది. మళ్లీ ఒకసారి చూద్దామనుకున్నాం." అని చెప్పి, తినడం మొదలుపెట్టింది.

వియ్యంకుడికి పొలమారింది. వియ్యపురాలు ఆయన వీపు నిమురుతూ, "ఎండ ముదరకముందే బయల్దేరతామండీ," అంది. బయట పొద్దుటినుంచీ ముసురు పట్టి ఉంది. తల్లికి తల కొట్టేసినట్టయింది.

ఇప్పుడు కొడుకు బల్ల దగ్గరికొచ్చి అక్క ఎదురుగా నిలబడ్డాడు.

"వ్యాను అంటే ఎవడు?"

"లాండ్రీ వ్యాను తోలతాడు. అతనికి పేరుంది గానీ అదే పేరు ఇంకా చాలామందికి ఉంది. వ్యాను అయితే ఒక్కడే."

"ఆదివారం కూడా పన్లోకొస్తాడా?"

"వస్తాడు. ఆస్పత్రుల బట్టలకి ఆదివారం ఉండదు."

అతను చొక్కా గుండీలు ఎగుడుదిగుడుగా పెట్టుకుంటూ బయటికి నడిచాడు. కోడలు, "ఆగండీ, వదినని ఇంకొంచెం అడిగి..." అంటూ గేటుదాకా వెంటపడింది. తల్లి మాత్రం కదల్లేదు. వెళ్లొద్దురా అని ఒక్క మాటంటే ఆగేవాడేమో. అనలేదు. ఆ గడియలో ఆవిడకి కూడా ఎవరో ఒకరి మీద ఆ సిగ్గంతా పోసేసి చేతులు కడుక్కోవాలనే ఉంది.

వినడానికి అందరూ పాపాయి చెప్పింది మొత్తం విన్నారు. కొడుకు లాండ్రీ యజమానురాలికి చెప్పింది మాత్రం మొదటి సగమే. "మా అక్క అమాయకురాలు. మీ డ్రైవరు దుప్పట్ల గదిలో చెయ్యి వేశాడు," అన్నాడట. యజమానురాలు మర్నాడు పొద్దున అందర్నీ రమ్మంది. అది చెప్పి కొడుకు తన గదిలోకి పోయి పడుకున్నాడు. గుండీలు ఇంకా ఎగుడుదిగుడుగానే ఉన్నాయి.

*

తల్లి పాపాయి గదిలోకి తట్టకుండా వెళ్లింది. ఆ తలుపుకి లోపల బోల్టు లేదు. ఉండాల్సిన చోట మరమేకుల కన్నాలు లప్పంతో పూడ్చి ఉన్నాయి.

పాపాయి రెండు బరువైన రజాయిలు మీదేసుకుని వెల్లకిలా పడుకుని ఉంది. ఎవరైనా మెల్లగా తాకితే ఆమెకి చీమలు పాకినట్టుంటుంది. బరువు మీద పడితే ప్రాణం కుదుటపడుతుంది. చిన్నప్పుడు అది కనిపెట్టింది తల్లే. గట్టిగా వాటేసుకుంటే గానీ ఏడుపు ఆపేది కాదు. పిల్ల పెద్దదయ్యాక వాటేసుకోవడం ఎప్పుడు మానేసిందో ఆవిడకే గుర్తులేదు. రజాయిలు మాత్రం కొనిపెట్టింది.

"లేచి కూర్చో. వాడేం చేశాడో నాకు సరిగ్గా చెప్పు."

పాపాయి లేవలేదు. "పెద్ద దుప్పటి ఒక్కళ్లం మడవలేం కదా. చెరో రెండు కొసలు పట్టుకుని దూరంగా నిలబడాలి. గట్టిగా లాగాలి. తర్వాత ఒకళ్ల దగ్గరికొకళ్లు నడవాలి. దగ్గరికొచ్చినప్పుడు చేతులు తగులుతాయి. నాకు ఒళ్లు జలదరిస్తుంది. నేను చెయ్యి లాక్కుంటే దుప్పటి కింద పడుతుంది, మళ్లీ ఉతకాలి. అందుకని నాతో ఎవరూ మడవరు."

"నేనడిగింది దుప్పట్ల గురించి కాదే."

"దాని గురించే. వ్యాను సరుకు దింపేశాక వచ్చి నాతో మడుస్తాడు. 'ఇప్పుడు చేతులు తగులుతాయి' అని ముందు చెప్తాడు. ప్రతి దుప్పటికీ చెప్తాడు. విసుక్కోడు. ముందు చెప్తే నాకు జలదరించదు. తర్వాత తర్వాత, తగులుతాయి అన్నప్పుడు బాగుండటం మొదలైంది. అది నేను అతనికి చెప్పాను."

"నువ్వు చెప్పావా? నీ అంతట నువ్వే?"

"అతనికెలా తెలుస్తుంది మరి, చెప్పకపోతే?"

తల్లి మంచం అంచున కూర్చుంది. మొహం గోడవైపు పెట్టుకుని అడిగింది, "బలవంతం చెయ్యలేదు కదా?"

"లేదు. నేను గట్టిగా పట్టుకోమన్నాను. ఎంత గట్టిగా అన్నాడు. దుప్పటి లాగినంత అన్నాను. చాలు అనగానే వదిలేశాడు."

"పనిచేసే చోట! దుప్పట్ల గదిలో! సిగ్గూ ఎగ్గూ ఉండక్కర్లేదుటే?"

"ఆ గదికి తలుపుంది. లోపల గడియ ఉంది. నా గదికి లేదు." పాపాయి పైకప్పుకేసి చూస్తూనే అంది. "నువ్వు తీయించేశావు."

తల్లి లప్పం పూడ్చిన కన్నాలకేసి చూసింది.

ఆ బోల్టు ఎందుకు పోయిందని ఎవరడిగినా, చిన్నప్పుడు పాపాయి లోపల గడియపెట్టుకుని తీయలేక ఏడ్చిందని చెబుతుంది ఆవిడ. కొడుక్కీ అదే చెప్పింది. కోడలికీ అదే. చెప్పగా చెప్పగా తనకే నిజమనిపించేంతగా చెప్పింది. కానీ పాపాయికి అప్పటికి ఇరవై దాటాయి. ఒక మధ్యాహ్నం లోపలినుంచి మూలుగు వినబడితే, ఒంట్లో బాగాలేదేమోనని కంగారుపడి తలుపు నెట్టింది. బోల్టు సరిగ్గా పడలేదు, తలుపు తెరుచుకుంది. పాపాయి తన మంచం మీద, తన ఒంటితో తాను, తన సుఖమేదో తాను చూసుకుంటోంది. తల్లి "ఛీ" అంది. ఆ వారంలోనే వడ్రంగిని పిలిపించింది. వడ్రంగి ఊడదీసిన మరమేకులు పట్టుకోమని పాపాయి చేతిలోనే పోశాడు. ఎందుకు తీస్తున్నారని పాపాయి అడగలేదు, తల్లి చెప్పలేదు.

"అప్పుడు నేను తలుపు వేసుకునే ఉన్నాను," అంది పాపాయి. "బట్టలు మార్చుకోవాలన్నా, ఒంటరిగా ఉండాలన్నా తలుపు వేసుకోవాలని నువ్వే నేర్పావు. వేసుకున్నాను. అయినా ఛీ అన్నావు. ఏది ఛీయో చెప్పలేదు. నేనా? తలుపా? ఆ పనా?"

"ఇప్పుడవన్నీ ఎందుకు..."

"ఎవరైనా చెప్పకుండా ముట్టుకుంటే అరవమన్నావు. వద్దంటే వినకపోతే పారిపోయి రమ్మన్నావు. ఏం జరిగినా నీకు చెప్పమన్నావు. ఇవన్నీ నాకొచ్చు. ఇష్టమైతే ఏం చెయ్యాలో నువ్వు నేర్పలేదు. వ్యానుకి కూడా సరిగ్గా తెలీదట. ఇద్దరం మెల్లగా చూసుకుందామన్నాడు."

తల్లి లేచి నిలబడింది. "పొయ్యి మీద పాలు పెట్టొచ్చాను, పొంగిపోతాయి," అని గబగబా బయటికొచ్చేసింది.

పొయ్యి మీద ఏమీ లేదు. ఆవిడ వంటింట్లో చల్లారిన పొయ్యి ముందు చాలాసేపు నిలబడింది. కూతురి మొహం చూడటానికి సిగ్గేసింది. ఇన్నాళ్లూ ఆ సిగ్గు కూతురు తెచ్చిపెట్టిందే అనుకునేది. ఈసారి అలా సర్దిచెప్పుకోవడానికి మనసు ఒప్పుకోలేదు.

*

మర్నాడు బస్సులో తల్లి పాపాయి చెవికున్న హెడ్‌ఫోన్ కొంచెం జరిపి మెల్లగా చెప్పింది, "అక్కడ నువ్వు నోరు విప్పకు. అడిగిందానికల్లా నేను చెప్తాను."

"మొత్తం చెప్తావా?"

"చెప్తానులే."

"సరే," అని పాపాయి కిటికీలోంచి బయటికి చూడటం మొదలుపెట్టింది. కాసేపటికి చిన్నగా కూనిరాగం కూడా తీసింది. వెనక సీట్లో కూర్చున్న కొడుక్కి ఆ రాగం పుండు మీద కారం చల్లినట్టుంది.

యజమానురాలి గదికి ఒక వైపంతా అద్దమే. అవతల పెద్ద పెద్ద యంత్రాలు తిరుగుతున్నాయి. ఆవిరి, సబ్బు వాసన, నేలంతా అదురు. పాపాయి అక్కడ పనిచేసినన్నాళ్లూ హెడ్‌ఫోన్ పెట్టుకునే చేసింది, అది లేకుండా ఆ హోరులో ఆమె నిలబడలేదు. డ్రైవరు అద్దానికి ఆనుకోకుండా నిటారుగా నిలబడి ఉన్నాడు. నలభైకి దగ్గరపడ్డ మనిషి, బక్కపలచగా ఉన్నాడు. చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వ్యాను తాళాన్ని అటూ ఇటూ మారుస్తున్నాడు. ఇంత చేసినవాడు ఎంత మొనగాడో అనుకుని వచ్చిన తల్లికి, అతన్ని చూశాక కోపం తెచ్చుకోవడం కష్టమైంది.

కొడుకు అగ్గిమీద గుగ్గిలమవుతూ నిన్నటి మాటలే మళ్లీ చెప్పాడు. పోలీసుల దాకా వెళ్తానన్నాడు.

"నువ్వేమంటావయ్యా?" యజమానురాలు అడిగింది.

"ఆవిడనే అడగండి మేడం," అన్నాడు డ్రైవరు. "ఆవిడ ఏం చెబితే అదే. నేను వేరే చెప్పేదేం లేదు."

"అవి తీసి మాట్లాడమ్మా," అంది యజమానురాలు పాపాయితో.

పాపాయి హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టింది. హోరు మీద పడేసరికి ఆమె భుజాలు ముడుచుకుపోయాయి. రెండు చేతులూ చెవుల దగ్గరికి వెళ్లాయి. అయినా మొహంలో బెదురు లేదు. "అమ్మకి మొత్తం చెప్పాను. అమ్మ చెప్తానంది," అంది.

అందరూ తల్లికేసి తిరిగారు.

"మీ అమ్మాయి సంగతి మీకంటే ఎవరికి తెలుస్తుందండీ?" అంది యజమానురాలు. "అమ్మాయికి ఇష్టమయ్యే జరిగిందా? అది చెప్పండి చాలు. ఇష్టమైతే, పనివేళలో ఇదేంటని ఇద్దర్నీ నాలుగు తిట్టి వదిలేస్తాను. కాదంటే వేరే సంగతి."

అవును అంటే సరిపోయేది. ఒక్క మాట. కానీ ఆ మాట అంటే, నా కూతురికీ కోరికలున్నాయని, అది ఒక మగాణ్ణి నోరు తెరిచి అడిగిందని, పరాయివాళ్ల ముందు, కొడుకు ముందు ఒప్పుకోవాలి. అద్దం అవతల పనివాళ్లు తమకేసే చూస్తున్నారు.

"దానికవన్నీ తెలియవండీ," అంది. "ఒళ్లు పెరిగింది గానీ, అది చిన్నపిల్లే."

పాపాయి చేతులు చెవుల మీదనుంచి దిగాయి.

"నాకు ముప్ఫై రెండు," అంది. ఆ హోరులో అది ఎవరికీ సరిగ్గా వినబడలేదు. డ్రైవరుకి వినబడింది. అతను ఆమెకేసి చూసి, తల దించుకుని, తాళం బల్ల మీద పెట్టాడు.

"ఇక మాట్లాడేదేముంది," అంది యజమానురాలు. "రేపటినుంచి రాకు. పోలీసుల గొడవ నా లాండ్రీకి వద్దు." తర్వాత గొంతు మెత్తబరచి, "నువ్వు కూడా కొన్నాళ్లు ఇంట్లోనే ఉండమ్మా. నిన్ను చూసుకోవడానికి ఇక్కడ ఎవరూ లేరు," అని పాపాయికి కూడా చెప్పేసింది.

తల్లి కూతుర్ని నడిపించుకుంటూ వచ్చేసింది. దారంతా పాపాయి అరచేతులు చెవులకి అదుముకుని నడిచింది. ఎందుకలా నడుస్తోందో తల్లి చూడలేదు. చూడాలంటే ఆ మొహం కూడా చూడాలి.

*

ఆ సాయంత్రం కోడలు పెందరాళే వడ్డించేసింది. నలుగురూ కూర్చున్నారు. పాపాయి చేతులు ఒళ్లో పెట్టుకుని ఎదురుచూస్తోంది.

తల్లి తల వంచుకుని ప్లేటులో కెలుకుతోంది.

"తిను అక్కా," అన్నాడు కొడుకు.

పాపాయి తినలేదు.

"ఆరిపోతోంది. ఇకనుంచి ఆ అడగడాలూ చెప్పడాలూ ఏమీ ఉండవు. తిను."

"అడగండి అత్తయ్యా," అంది కోడలు విసుగ్గా. నిన్నటినుంచీ వాళ్లమ్మ ఆమె ఫోనెత్తడం లేదు. ఆ ఉక్రోషం ఎవరి మీద చూపించాలో తెలియక అందరి మీదా కొంచెం కొంచెం చూపిస్తోంది. "వదిన తినదని మీకు తెలుసుగా. పొద్దున కూడా ఏం తినలేదు."

తల్లి నీళ్లు తాగింది. "ఇవాళ నిన్నెవరైనా..." అని ఆగిపోయింది.

"లేదు," అంది పాపాయి, ప్రశ్న పూర్తయినట్టే. "ఇక ముట్టుకోరు కూడా. వ్యాను పోయాడు."

అయినా ముద్ద ఎత్తలేదు. తల్లికేసి సూటిగా చూసింది. ఆమె మనుషుల కళ్లలోకి చూడటం అరుదు. చూస్తే మాత్రం చూపు తిప్పుకోదు.

"రోజూ నువ్వు నన్నడుగుతావు. నిన్నెవరూ అడగరు. ఇవాళ నిన్నెవరైనా ముట్టుకున్నారా అమ్మా?"

"అక్కా!" కొడుకు బల్ల మీద కొట్టాడు. "నీకేమైనా మతి పోయిందా?"

"ఉండరా," అంది తల్లి.

ఆవిడ నిజంగానే ఆలోచించింది. భర్త పోయి ఏళ్లయింది. ఆ తర్వాత ఒంటి మీద చెయ్యి పడిందంటే, ఏడాది కిందట రక్తం తీసిన నర్సుది. మెత్తటి చెయ్యి. ఆమె మోచేతి దగ్గర పట్టుకుంటే ఇంకాసేపు పట్టుకుంటే బాగుండుననిపించింది. అది గుర్తొచ్చి ఆవిడ చెవులదాకా ఎర్రబడింది.

"లేదు," అంది.

"అలా ఉంటే బాగుంటుందా?"

కోడలు తినడం ఆపేసింది. కొడుకు ఎటో చూస్తున్నాడు.

"బాగుండదే," అంది తల్లి. "ఏం బాగుండదు." తర్వాత కొడుకువైపు తిరిగి, "పొద్దున నేను అబద్ధం చెప్పానురా. దానికన్నీ తెలుసు. అన్నీ నాకు వివరంగా చెప్పింది. చెప్పడానికి నాకే సిగ్గేసి ఆ మనిషి నోటి దగ్గర కూడు తీసేశాను," అంది.

"అమ్మా, అయిపోయింది. ఇక వదిలెయ్."

"అదంతా విని కూడా నువ్వూ సగమే చెప్పావు కదరా."

కొడుకు ప్లేటు పక్కకి జరిపాడు. చిన్నప్పుడు ఈ అక్కని ఏడిపించినవాళ్లతో వీధిలో కలబడి పళ్లూడగొట్టుకుని వచ్చినవాడు అతను. అక్కకి కాపలా కాయడం తప్ప ఇంకో పని ఉంటుందని అతనికి ఎవరూ చెప్పలేదు. "మామగారి ముందు తలెత్తుకోలేకపోయాను," అన్నాడు చివరికి, తనలో తాను అనుకుంటున్నట్టు.

అప్పుడు వీధి తలుపు చప్పుడైంది. మెల్లగా, ఒకటే దెబ్బ.

"నేనండీ," అంది బయటినుంచి ఒక గొంతు. "వ్యాను డ్రైవర్ని. తలుపుకి రెండడుగుల దూరంలో నిలబడ్డాను. ఆవిడ హెడ్‌ఫోన్ ఆఫీసులో వదిలేశారు. అది లేకపోతే ఆవిడ బయటికి రాలేరు. ఇచ్చేసి వెళ్లిపోతాను."

తల్లి పాపాయి చెవులకేసి చూసింది. పొద్దుటినుంచీ మొదటిసారి చూసింది.

పాపాయి లేచింది. కొడుకు కుర్చీ వెనక్కి నెట్టి ఆమెకంటే ముందు లేచాడు. "వాడికెంత ధైర్యం!" అంటూ రెండంగల్లో హాలు దాటబోయాడు. కోడలు చొక్కా పట్టుకుంది. ఈ పెనుగులాటలో తల్లి ఎప్పుడు లేచిందో, ఎలా వెళ్లిందో, వీధి తలుపుకి వీపానించి నిలబడి ఉంది. వెనక్కి పెట్టిన చెయ్యి బోల్టు మీద ఉంది.

"తప్పుకో అమ్మా," అన్నాడు కొడుకు. "వాడు లోపల అడుగు పెడితే నేనీ ఇంట్లో ఉండను. ఆలోచించుకో."

ఆవిడ తప్పుకోలేదు. బోల్టు తీయనూ లేదు. బయట ఆ మనిషి మళ్లీ తట్టలేదు, వెళ్లిపోతున్న చప్పుడు కూడా లేదు.

పాపాయి తమ్ముణ్ణి దాటుకుని వచ్చి, తల్లి ఎదురుగా, తగలనంత దూరంలో ఆగింది.

"అమ్మా, బస్సులో మొత్తం చెప్తానన్నావు," అంది. "చెప్పు."